అయిదుగురా, ఒక్కడా? ఒక రైలు పొడుపుకథపై విమర్శ

అదుపు తప్పిన బండి ఒకటి పట్టాల మీద దూసుకువస్తోంది. ముందు అయిదుగురు మనుషులున్నారు. తప్పుకునే వీలు లేదు. మీ చేతికి అందేంత దూరంలో ఒక మీట ఉంది. దాన్ని లాగితే బండి పక్క దారికి మళ్ళుతుంది. కాని ఆ దారిలోనూ ఒక మనిషి ఉన్నాడు. మీరు మీట లాగుతారా, లాగరా?

ఈ ప్రశ్నను పాఠకుల్లో చాలామంది ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అరవై ఏళ్ళ కిందట తత్త్వశాస్త్ర విభాగాల్లో మాత్రమే నలిగిన ఈ పొడుపుకథ ఇప్పుడు ఇల్లిల్లూ తిరుగుతోంది. 2013లో సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షకు నీతిశాస్త్రం పేపరు పెట్టాక కోచింగ్ తరగతుల్లోకి వచ్చింది. డ్రైవరు లేని కార్ల సంగతి మొదలయ్యాక పత్రికల్లోకి ఎక్కింది. చివరికి బడిపిల్లల సైన్సు సమావేశాల్లోకి కూడా చేరింది.

అలాంటి ఒక సమావేశంలో, రాయపూర్‌లో, దీన్ని కొత్తగా విన్నట్టు విన్నాను. తెలుగువారి పిల్లల కోసం ఏర్పాటు చేసిన చిన్న సభ అది. వచ్చిన యువ లెక్చరరు బోర్డు మీద రెండు గీతలు గీసి, ఒక గీత మీద అయిదు చుక్కలు, రెండోదాని మీద ఒక చుక్క పెట్టి ప్రశ్న అడిగాడు. పిల్లలు చేతులెత్తారు. ఎక్కువమంది మీట లాగుతామన్నారు. ఇద్దరు ముగ్గురు ఆ పాపం మాకొద్దన్నారు. చివరి వరసలో మనవరాలితో వచ్చిన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి. ఆయన లేచి, "మాస్టారూ, అదంతా బాగానే ఉంది గానండి, ఆ బండికి స్కిడ్లు పెట్టలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. లెక్చరరు కూడా నవ్వి, "అది మన ప్రశ్నలో లేదండీ" అన్నాడు. ముసలాయన కూర్చున్నాడు.

ఆ సభలో అడిగిన ప్రశ్నల్లో సరైనది ఆ ఒక్కటే అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

రాయపూర్ తెలుగువారికీ రైలుకూ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన దారి 1931లో పూర్తయింది. మధ్య పరగణాల సరుకును విశాఖపట్నం రేవుకు చేర్చడం దాని ఉద్దేశం. రేవు 1933లో తెరుచుకుంది. సరుకు ఆ దారిన కిందికి దిగితే, ఉత్తరాంధ్ర మనుషులు అదే దారిన పైకి వచ్చి గ్యాంగుల్లో, యార్డుల్లో, వ్యాగన్ రిపేరు షాపులో పనికి కుదిరారు. రైలు గురించిన పొడుపుకథను రైలు పనిచేసినవాళ్ళ ముందు చెప్పేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి మరి.

ముందుగా ఈ పొడుపుకథ పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. 1905లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ చాప్మన్ షార్ప్ అనే ఆచార్యుడు తన విద్యార్థులకు ఇచ్చిన ప్రశ్నల్లో దీనికి దగ్గరిది ఒకటి ఉంది. అందులో మీట దగ్గరున్నవాడు రైల్వే ఉద్యోగి, పక్క దారిలో ఉన్నది అతని సొంత బిడ్డ. 1951లో హాన్స్ వెల్జెల్ అనే జర్మన్ న్యాయశాస్త్రవేత్త ఇంకో రూపం ఇచ్చాడు. కొండ మీది నిటారు దారిలో ఒక గూడ్సు పెట్టె తెగిపోయి లోయలోని చిన్న స్టేషన్ వైపు దొర్లివస్తోంది. స్టేషన్లో ప్యాసింజరు బండి ఆగి ఉంది. ఒక రైల్వే ఉద్యోగి ఆ పెట్టెను ఉన్న ఒకే ఒక పక్క దారికి మళ్ళిస్తాడు. అక్కడ సరుకు దించుతున్న కూలీలు చనిపోతారు. అతను నేరస్థుడా? న్యాయశాస్త్రవేత్త కనుక ఆయనకు కావలసింది ఆ జవాబు.

1967లో ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త ఫిలిప్పా ఫుట్ దీన్ని ట్రాము బండిగా మార్చింది. ఆమె అసలు చర్చ గర్భస్రావం గురించి. ట్రాము కథ మధ్యలో వచ్చే ఒక చిన్న ఉదాహరణ మాత్రమే. దాని పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. అల్లరిమూకను శాంతింపజేసి పలువురి ప్రాణాలు కాపాడడానికి ఒక అమాయకుణ్ణి ఉరితీయించే న్యాయాధికారి కథ అది. రెండుచోట్లా లెక్క ఒకటే, కొందరి కోసం ఒకడు. అయినా డ్రైవరును క్షమిస్తాం, న్యాయాధికారిని అసహ్యించుకుంటాం. ఎందువల్ల? ఇది నిజంగా మంచి ప్రశ్న. ఒకరికి హాని చెయ్యకుండా ఉండవలసిన బాధ్యత, ఇంకొకరికి సాయం చెయ్యవలసిన బాధ్యత కన్నా బలమైనదని ఆమె చెప్పిన సమాధానం ఈనాటికీ చదవదగ్గది.

తరువాత అమెరికాలో జూడిత్ జార్విస్ థామ్సన్ 1976లోనూ, 1985లోనూ రాసిన వ్యాసాల్లో దీనికి 'ట్రాలీ సమస్య' అని పేరుపెట్టి, మీటను డ్రైవరు చేతిలోంచి తీసి దారిన పోయేవాడి చేతిలో పెట్టింది. బండిని ఆపడానికి వంతెన మీదినుంచి ఒక లావుపాటి మనిషిని తోసెయ్యవచ్చా అన్న రూపమూ ఆమెదే. మీట లాగుతామనే వాళ్ళలో చాలామంది మనిషిని తొయ్యడానికి వెనకాడతారు. 2001 తరువాత మెదడును స్కాను చేసే యంత్రాల్లో మనుషుల్ని పడుకోబెట్టి ఇవే ప్రశ్నలు అడిగారు. ఈ పరిశ్రమంతా సాగుతూండగానే 2008లో థామ్సన్ తన పాత అభిప్రాయం మార్చుకుంది. దారిన పోయేవాడికి మీట లాగే హక్కు లేదు, తన ప్రాణమైతే ఇవ్వడానికి సిద్ధపడనివాడు పక్కవాడి ప్రాణాన్ని ఇచ్చెయ్యకూడదు అంది. పొడుపుకథను ప్రచారంలోకి తెచ్చిన మనిషే ఇలా వెనక్కి తగ్గిన సంగతి కోచింగ్ నోట్సుల్లో ఎక్కడా కనిపించదు.

ఇక ముసలాయన అడిగిన స్కిడ్ల దగ్గరికి వద్దాం. ఆయన గాలిలోంచి అడిగింది కాదు అది.

2018 ఏప్రిల్ 7 రాత్రి అహ్మదాబాద్ నుంచి పూరీ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ రాయపూర్ వైపు నుంచి ఒడిశాలోని టిట్లాగఢ్ చేరింది. అక్కడ బండి దిశ మారుతుంది గనుక ఒక చివర ఇంజను తీసి రెండో చివర తగిలించాలి. ఇంజను తీశారు. చక్రాల కింద పెట్టవలసిన స్కిడ్లు పెట్టలేదు. 22 పెట్టెలు, లోపల ప్రయాణికులతో సహా, ఇంజను లేకుండా కేసింగ వైపు వాలులో దొర్లడం మొదలుపెట్టాయి. పది కిలోమీటర్లకు పైగా వెళ్ళాయి. ఏమీ తెలియని ప్రయాణికులు బండి బయలుదేరిందనుకున్నారు. చివరికి రైల్వే సిబ్బంది పట్టాల మీద రాళ్ళు పెట్టి బండిని ఆపగలిగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

2024 ఫిబ్రవరి 25న ఇలాంటిదే ఇంకొకటి. జమ్మూలోని కఠువా స్టేషన్లో 53 వ్యాగన్ల గూడ్సు బండి డ్రైవరు లేకుండా కదిలి, పంజాబ్‌లోని ఊంచీ బస్సీ దాకా 70 కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది. దారిలోని స్టేషన్ల వాళ్ళు ఏం చేశారు? ఏ పట్టాల మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టలేదు. దారి ఖాళీ చేయించారు. గేట్లు వేయించారు. ఎగువ వాలు వచ్చి వేగం తగ్గే చోట ఇసుక బస్తాలు, చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి ఆపారు. అక్కడా ఎవరూ పోలేదు.

బండి తనంతట తాను ఎలా కదులుతుంది అని పాఠకులు అడగవచ్చు. ఇనప పట్టా మీద ఇనప చక్రానికి ఘర్షణ చాలా తక్కువ. రైలు లాభమూ అదే, ప్రమాదమూ అదే. రోలర్ బేరింగులున్న పెట్టె నెమ్మదిగా దొర్లుతున్నప్పుడు టన్ను బరువుకు రెండు కిలోల లోపు బలం చాలు దాన్ని దొర్లుతూ ఉంచడానికి. 400 మీటర్లకు ఒక మీటరు దిగే వాలు కంటికి ఆనదు. కాని ఆ వాలు మీద ప్రతి టన్నునూ రెండున్నర కిలోల బలం కిందికి లాగుతుంది. 22 పెట్టెల బండి సుమారు వెయ్యి టన్నులు. ఒకసారి కదిలిందంటే మనిషి చేతితో ఆగేది కాదు. అందుకే స్టేషను యార్డుల్లో వాలు 1200కు 1 దాటకుండా చూస్తారు, తప్పనిసరయిన చోట 400కు 1.

మరి బ్రేకులు? రైలులో బ్రేకు గొట్టంలో గాలి ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకులు విడిచి ఉంటాయి. గొట్టం తెగినా ఊడినా ఒత్తిడి పడిపోయి బ్రేకులు పడతాయి. 1872 నాటి జార్జి వెస్టింగ్‌హౌస్ ఏర్పాటు ఇది. ఏదైనా పాడైతే బండి ఆగేటట్టు పాడవ్వాలి తప్ప పరుగెత్తేటట్టు పాడవకూడదు అన్న సూత్రం రైల్వే ఇంజనీర్లకు అక్కడి నుంచే అబ్బింది. కాని ఇంజను తీసేసిన బండిలో సిలిండర్ల గాలి మెల్లమెల్లగా కారిపోతుంది, బ్రేకు వదులవుతుంది. ఆ కొంతసేపటి కోసమే చేతి బ్రేకులు, స్కిడ్లు, గొలుసులు. 2013 జులైలో కెనడాలోని లాక్ మెగాంటిక్ అనే చిన్న ఊళ్ళోకి ముడిచమురు బండి దొర్లివచ్చి 47 మందిని కాల్చివేసింది. చాలినన్ని చేతి బ్రేకులు బిగించకపోవడం అక్కడి ముఖ్య కారణాల్లో ఒకటి.

పొడుపుకథలో ఈ సంగతులేవీ లేవు. 'అదుపు తప్పిన బండి' అన్న మూడు మాటల్లో అన్నీ మింగేసి, కథ అక్కడినుంచి మొదలవుతుంది. వర్షం పడింది, సూర్యుడు ఉదయించాడు అన్నట్టు బండి అదుపు తప్పింది!

వెల్జెల్ చెప్పిన కొండదారి కథనే తీసుకుందాం. కొండదారుల్లో పెట్టెలు తెగి దొర్లుతాయని రైల్వేవాళ్ళకు ఆయన కన్నా చాలా ముందే తెలుసు. దానికి వాళ్ళు కనిపెట్టిన జవాబు నీతిశాస్త్రం కాదు, మూడో దారి. మన రైల్వే నియమాల ప్రకారం స్టేషన్ వైపు దిగే వాలు 80కి 1 కన్నా నిటారుగా ఉంటే అక్కడ క్యాచ్ సైడింగ్ వెయ్యాలి. స్టేషన్ నుంచి బయటికి దిగే వాలు 100కి 1 కన్నా నిటారైతే స్లిప్ సైడింగ్ వెయ్యాలి. క్యాచ్ సైడింగ్ అంటే ఎదురు వాలులో ఎక్కే, చివర ఇసుక పోసిన మొండి పట్టాల దారి. అక్కడ ఎవరూ ఉండరు. పాయింట్లు మామూలుగా ఆ దారికే పెట్టి ఉంచుతారు. దిగే బండి ముందు ఆగి, అదుపులోనే ఉందని చూపించుకున్నాకనే మెయిన్ లైన్ ఇస్తారు. ఆగలేని బండి తనంతట తానే ఇసుకలోకి పోతుంది. బొంబాయి పక్కన భోర్ ఘాట్‌లో ఇవి చూడవచ్చు. బైలదిల్లా ఇనప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ దారి తూర్పు కనుమల్లో 60కి 1 వాలున దిగుతుంది. అటువంటి చోట ఇసుక దారి లేకుండా బళ్ళు నడపడమంటే ఏమిటో ఆ దారిన ఒకసారి వెళ్ళినవారికి చెప్పనక్కర్లేదు.

స్టేషనులో కూడా మీట అంత సులువుగా లాగనివ్వదు. ఇంటర్‌లాకింగ్ అన్నది 1856లో జాన్ సాక్స్‌బీతో మొదలైంది. పాయింటు సరిగా పడి, తాళం పడితేగాని సిగ్నలు పడదు. పాయింటు మీద బండి ఉంటే పాయింటు కదలదు. తప్పనిసరై అత్యవసరంగా తిప్పవలసివస్తే తాళం విడిగా ఉంటుంది, తిప్పిన ప్రతిసారీ ఒక లెక్కయంత్రంలో అంకె పెరుగుతుంది, ఎందుకు తిప్పావో రాసి సంతకం పెట్టాలి. ఒక మనిషి ఒక్క క్షణంలో ఒంటరిగా అయిదుగురా ఒక్కడా అని తేల్చుకోవలసిన అవసరం రాకుండా చెయ్యడానికి సుమారు నూట డెబ్భై ఏళ్ళుగా జరుగుతున్న కృషి ఇది. ఆ కృషి తప్పిన చోట ఏమవుతుందో 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహానగా బజార్‌లో చూశాం. సిగ్నలు మెయిన్ లైనుకు ఆకుపచ్చ చూపించింది, పాయింటు లూప్ లైనుకు పడి ఉంది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా పోయారు. గేటు దగ్గరి పెట్టెలో సిగ్నలు తీగల మార్పులు తప్పుగా చేశారని విచారణలో తేలింది. అక్కడ ఎవరూ ఏ మీటా లాగలేదు, ఎవరూ ఎవరినీ ఎంచుకోలేదు.

దీనికి తత్త్వవేత్తలు చెప్పే సమాధానం నాకు తెలియకపోలేదు. ఇది ఊహాప్రయోగమయ్యా, గెలీలియో ఘర్షణ లేని వాలుపలకను ఊహించలేదా, అలాగే మేమూ అనవసరమైన వివరాలు తీసేసి అసలు ప్రశ్నను శుభ్రంగా నిలబెడుతున్నాం అంటారు. పైకి బాగానే ఉంది. కాని గెలీలియో తీసేసిన ఘర్షణను మళ్ళీ చేర్చుకోవచ్చు. నున్నటి పలక మీద బంతిని దొర్లిస్తే లెక్కకు ఎంత దగ్గరగా వచ్చిందో కొలిచి చూసుకోవచ్చు. తీసేసింది కొంచెమే, దాని వల్ల వచ్చే తేడా ఎంతో చెప్పవచ్చు. ట్రాలీ కథలో తీసేసింది ఏమిటి? బండి ఎందుకు కదిలిందో తీసేశారు. ఆ మనుషులు అక్కడెందుకున్నారో తీసేశారు. కేక వెయ్యడం, జెండా ఊపడం, రాళ్ళు పెట్టడం తీసేశారు. అన్నిటికన్నా ముఖ్యంగా, సందేహం తీసేశారు. అయిదుగురూ తప్పకుండా చస్తారు, మీట లాగితే తప్పకుండా బతుకుతారు! టిట్లాగఢ్‌లో ఆ రాత్రి ఎవరైనా ఇంత ఖాయంగా లెక్క కట్టి ఆ 22 పెట్టెల్ని ఎటో మళ్ళించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. నీతికి సంబంధించిన సరుకంతా తీసేసిన వివరాల్లోనే ఉంది. మిగిలింది అయిదులోంచి ఒకటి తీసేసే లెక్క.

అమెరికాలో ఒకచోట ఇది నిజంగానే జరిగింది. 2003 జూన్ 20న కాలిఫోర్నియాలోని మాంట్‌క్లెయిర్ యార్డులో నిలిపి ఉన్న 31 వ్యాగన్లు దొర్లి లాస్ ఏంజలస్ నగరం వైపు పరుగుతీశాయి. నగరం నడిబొడ్డుకు పోకుండా కంట్రోలు గదివాళ్ళు వాటిని కామర్స్ అనే పక్క ఊరిలోని సైడింగుకు మళ్ళించారు. పట్టాలు తప్పి వ్యాగన్లు ఇళ్ళ మీద పడ్డాయి. 13 మందికి చిన్న గాయాలయ్యాయి, ప్రాణాలు పోలేదు. మళ్ళించినవాళ్ళు తప్పు చేశారని నేననను. ఆ క్షణంలో వాళ్ళకు తోచింది అదే. కాని కామర్స్ వాసులకు ముందుగా ఒక్క మాట చెప్పినవాళ్ళు లేరు. దర్యాప్తులో తేలిన కారణం చేతి బ్రేకులు సరిగా వెయ్యకపోవడం. మీట లాగడం మంచిదా కాదా అన్న చర్చకు కాగితాలు ఖర్చయ్యాయి గాని, ఆ బ్రేకు కథకు తత్త్వశాస్త్రంలో చోటు దొరకలేదు.

మన దగ్గర ఈ కథకు పాత రూపం ఒకటుంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే కోడలు నీళ్ళకు ఆహుతి అయిందని జనం చెప్పుకుంటారు. దాన్నే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము'గా రాశారు. కావ్యంగా అది గొప్పదే, కన్నీళ్ళు తెప్పిస్తుంది. అయితే చెరువులు చూసుకునే ఇంజనీరును అడగండి, కట్ట ఎందుకు తెగుతుందో రెండు ముక్కల్లో చెబుతాడు. మరవ చాలక నీరు కట్ట పైనుంచి పొర్లుతుంది, లేదా కట్టలోంచి ఊట మట్టిని కొద్దికొద్దిగా కోసుకుపోతుంది. రెండూ ఎండాకాలంలోనే చూసుకోవలసినవి. వానలో, చీకట్లో, ఊరంతా కట్ట మీద నిలబడినప్పుడు, బలి తప్ప ఇంకో దారి లేనట్టే కనిపిస్తుంది. ఒక తేడా మాత్రం ఉంది. ముసలమ్మ తానై వెళ్ళింది. ట్రాలీ కథలోని ఆ ఒక్కణ్ణి అడిగినవాళ్ళు లేరు.

ఆ ఒక్కడు ఎవరు? ఆ అయిదుగురు ఎవరు? ఫిలిప్పా ఫుట్ రాసిన మొదటి కథలో స్పష్టంగానే ఉంది. వాళ్ళు పట్టాల మీద పనిచేస్తున్నవాళ్ళు. మన మాటలో గ్యాంగ్‌మెన్. తరువాతి వాళ్ళు ఈ ముక్క వదిలేసి మనుషుల్ని పట్టాలకు తాళ్ళతో కట్టేసిన బొమ్మలు వేశారు, సినిమా విలన్ చేసినట్టు. పట్టాల మీద గ్యాంగు పనిచేస్తుంటే ముందుగా బండిని చూసి ఈల వేసే లుక్-అవుట్ మనిషి ఉండాలి. వంపు ఉన్న చోట, మంచు పట్టిన చోట మరీను. అయిదుగురికి లుక్-అవుట్ లేడు, ఒక్కడికి లేడు, మీట దగ్గర మాత్రం ఒక తత్త్వవేత్త ఉన్నాడు!

ఇది హాస్యానికి అన్నమాట కాదు. అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన రైల్వే భద్రతా సమీక్షా సంఘం 2012 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2007–08 నుంచి 2011 అక్టోబరు దాకా సుమారు 1,600 మంది రైల్వే సిబ్బంది పని మీద ఉండగా చనిపోయారని అందులో ఉంది. అదే కాలంలో రైలు ప్రమాదాల్లో పోయిన ప్రాణాల కన్నా ఇది ఎక్కువ. పట్టాలు దాటుతూ పోయేవారు ఏడాదికి 15,000 మంది దాకా ఉంటారని, వారిలో 6,000 మంది బొంబాయి సబర్బన్ దారుల్లోనేనని కూడా రాశారు. బాలాసోర్ లాంటివి మొదటి పేజీలో పడతాయి. వీళ్ళు ఒక్కొక్కరుగా పోతారు, ఒక్కొక్కరుగా పోయేవాళ్ళకు పేజీ ఉండదు.

2020 మే 8 తెల్లవారుజామున మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) పట్టాల మీద నిద్రపోయిన 16 మంది వలస కూలీల మీదుగా గూడ్సు బండి వెళ్ళింది. లాక్‌డౌన్‌లో ప్రయాణికుల బళ్ళు ఆగిపోవడంతో, మధ్యప్రదేశ్‌లోని ఇళ్ళకు చేరడానికి పట్టాలు పట్టుకుని నడిచి నడిచి అలసిపోయినవాళ్ళు. ఖాళీ గూడ్సు డ్రైవరు చూసి బ్రేకు వేశాడు. అంత వేగంలో అంత దూరంలో రైలు ఆగదు. అక్కడ పక్క దారి, మీట ఉండి ఉంటే ఏం చెయ్యాలి అని ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. వాళ్ళు పట్టాల మీదికి ఎలా వచ్చారన్నది బొమ్మకు బయటి విషయం కాదు.

ఇదే లోపం డ్రైవరు లేని కార్ల దగ్గర ఇంకా వికారంగా బయటపడింది. అమెరికాలోని ఎం.ఐ.టి. వారు 2016లో 'మోరల్ మెషీన్' అనే ఆటలాంటి ప్రశ్నావళి పెట్టారు. బ్రేకు ఫెయిలైన కారు ఎవరిని గుద్దాలో నొక్కి చెప్పాలి. ముసలివాళ్ళనా పిల్లలనా, లావుపాటివాళ్ళనా ఆటగాళ్ళనా, కంపెనీ అధికారినా ఇల్లులేని వాడినా. 233 దేశాలు, ప్రాంతాల నుంచి సుమారు నాలుగు కోట్ల జవాబులు వచ్చాయి. 2018లో 'నేచర్' పత్రికలో ఫలితాలు వేశారు. పది మంది జవాబు కలిపితే నేరస్థుడి కన్నా కుక్కను కాపాడడం నయమని తేలిందట. నాలుగు కోట్లసార్లు వేళ్ళు నొక్కినంత మాత్రాన అది నీతి అవుతుందా? కారు బ్రేకు ఎందుకు ఫెయిలయింది, బడి ముందు అంత వేగంగా ఎందుకు వెళ్ళింది అన్న గడులు ఆ ఆటలో లేవు. జర్మనీ ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం 2017లోనే, వయసు, ఆడా మగా, దేహస్థితి చూసి మనుషుల్ని ఎంచే కార్యక్రమం ఏదీ కార్లలో ఉండకూడదని తేల్చింది. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అంతకు ముందు 2006లో, హైజాక్ అయిన విమానాన్ని ప్రయాణికులతో సహా కూల్చే అధికారం ఇచ్చిన చట్టాన్ని కొట్టివేసింది. మనుషుల్ని కూడికలో అంకెలుగా వాడడానికి వీల్లేదన్నది ఆ తీర్పు సారం.

అంటే ఒకరి కోసం కొందరిని, కొందరి కోసం ఒకరిని ఎంచుకోవలసిన పరిస్థితి ఎన్నడూ రాదని నేనంటున్నానా? లేదు. వస్తుంది. కాని అది పట్టాల పక్కన కాదు, ముందే, బడ్జెట్టు కాగితాల మీద వస్తుంది. కాపలా లేని లెవెల్ క్రాసింగులనే చూడండి. ఏటా ఎన్నో ప్రాణాలు తీసిన ఈ గేట్లను బ్రాడ్‌గేజి మీద పూర్తిగా తీసివెయ్యడం 2019 జనవరికి గాని కాలేదు. అన్నాళ్ళూ ఆ డబ్బు వేరేచోట ఖర్చయింది. వేరేచోట ఖర్చయిన డబ్బు కూడా కొందరి ప్రాణాలు కాపాడి ఉండవచ్చు. ఇది నిజమైన ట్రాలీ సమస్య, ఇక్కడ నాకూ సులువైన జవాబు లేదు. అయితే ఇక్కడ ఆలోచించడానికి వ్యవధి ఉంది, ఫైలు మీద సంతకం ఉంది, అడగదలచుకుంటే గేటు దాటే ఊరివాళ్ళను అడగవచ్చు. పొడుపుకథ మాత్రం ఈ మూడింటినీ మననుంచి లాక్కుని, ఒకే ఒక్క క్షణం ఇచ్చి జవాబు చెప్పమంటుంది. ఆ తొందరకు అలవాటు పడిన పిల్లవాడు రేపు అధికారి అయి, వ్యవధి ఉన్నచోట కూడా 'ఎవరో ఒకరు పోక తప్పదు' అనుకుంటే? నా అసలు భయం ఇదే.

పలువురి కోసం ఒకడు చేసే పని రైల్వేలో నిజంగానే ఒకటుంది. తన బీటు నడిచే కీమన్‌కు విరిగిన పట్టా కనిపిస్తే బండి వచ్చే వైపుకు ఎర్రజెండా పట్టుకుని పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటొనేటరు, 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. చక్రం కింద అవి పేలితే డ్రైవరు ఆపుతాడు. ఒకడు అలసిపోతాడు, అందరూ బతుకుతారు. ఇది కథలో ఇమిడే పని కాదు కాబోలు.

రాయపూర్ సభ ముగిశాక లెక్చరరు ముసలాయన దగ్గరికి వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. ఆ తరువాతి నెల సభలో బోర్డు మీద అవే రెండు గీతలు గీసి, పిల్లలను మూడోది గీయమన్నాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండిని ఆపాలంటే, 30కి 1 చొప్పున ఎక్కే ఆ దారి, ఇసుక లేకుండా, ఎంత పొడవుండాలి? వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి, వర్గం చేసి, గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించారు. బండి ఎక్కగలిగే ఎత్తు 14 మీటర్ల పైచిలుకు. ముప్పైతో గుణిస్తే సుమారు 425 మీటర్లు. బండిలో ఎన్ని వ్యాగన్లున్నాయో చెప్పలేదేమని ఒక అమ్మాయి అడిగింది. బరువు లెక్కలో రెండువైపులా ఉండి కొట్టివేతకు పోతుందని ఆమెకు చూపించడానికి లెక్చరరు మళ్ళీ సుద్దముక్క తీసుకున్నాడు.